జీఆర్86కి 225 చాలా, 245 కావాలా, 265 దాకా వెళ్లాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. డాలస్ దగ్గర ఉంటున్నారు. టయోటా జీఆర్86 బేస్ మోడల్ కొన్నారు. దానితో వచ్చిన 17 అంగుళాల చక్రాల మీద 215/45 ఆర్17 టైర్లున్నాయి (215 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో, 45 అంటే ఆ వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, 17 అంటే చక్రం వ్యాసం అంగుళాల్లో). రోజూ ఆఫీసుకు ఇదే కారు. ఏడాదిలో కొన్నిసార్లు ఈగల్స్ కాన్యన్, క్రెసన్ ట్రాకుల మీద నడపాలని ఉంది. 18×9.5 చక్రాలు (18 అంగుళాల వ్యాసం, 9.5 అంగుళాల వెడల్పు) కొని 265 టైర్లు వేయమని మీ స్నేహితుడు గట్టిగా చెబుతున్నాడు.

సమాధానం ముందే చెప్పేస్తాను. ఇప్పటికి కొత్త చక్రాలేవీ కొనకండి. ఉన్న రిమ్‌ల (టైరు ఎక్కించే లోహపు చక్రాల) మీదే మంచి 225/45 ఆర్17 టైర్లు వేయించండి. ట్రాక్ మీద చేయి తిరిగి, టైరే మిమ్మల్ని ఆపుతోందని తెలిసినప్పుడు రెండో సెట్టుగా 17×9 రిమ్‌లు, 245/40 ఆర్17 తీసుకోండి. 265 ఈ కారుకు, ఈ వాడకానికి వద్దు. ఎందుకో వివరంగా రాస్తాను. లెక్క ఒకసారి పట్టుబడితే రేపు వేరే కారు కొన్నా మీరే తేల్చుకోగలరు.

అందరూ టైరు వెడల్పుతో మొదలుపెడతారు. మొదలుపెట్టవలసింది రిమ్ వెడల్పుతో. టైరు పక్కన రాసి ఉండే 215 అనేది నేలను తాకే ట్రెడ్ వెడల్పు కాదు. గాలి నింపిన టైరు ఒక పక్క సైడ్‌వాల్ (పక్కగోడ) ఉబ్బు నుంచి రెండో పక్క ఉబ్బు దాకా ఉండే కొలతకు పెట్టిన పేరు అది. ఆ కొలతను కూడా ఏదో ఒక రిమ్ మీద ఎక్కించే తీసుకోవాలి కదా. ప్రతి సైజుకూ అలా ఒక రిమ్‌ను ప్రమాణంగా నిర్ణయించారు, దాన్ని మెజరింగ్ రిమ్ అంటారు. 215/45 ఆర్17కి అది 7 అంగుళాలు, 225/45 ఆర్17కి 7.5, 245/40 ఆర్17కి 8.5, 255/40 ఆర్17కి 9. రిమ్ అర అంగుళం పెరిగితే అదే టైరు సుమారు 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది, తగ్గితే అంతే తగ్గుతుంది. టైరు కంపెనీలు ఒక్కో సైజుకు అనుమతించే రిమ్ హద్దులు కూడా ప్రకటిస్తాయి. 225/45 ఆర్17కి 7 నుంచి 8.5 దాకా, 245/40 ఆర్17కి 8 నుంచి 9.5 దాకా. ఈ హద్దు దాటి ఎక్కించమంటే మంచి టైరు షాపువాళ్లు ఒప్పుకోరు. ఒప్పుకునేవాళ్ల దగ్గరికి మీరు వెళ్లకండి.

ఇప్పుడు మీ కారు చూడండి. జీఆర్86 బేస్ మోడల్ రిమ్ వెడల్పు 7.5 అంగుళాలు. 2012లో వచ్చిన మొదటి తరం 86కి 7 అంగుళాలే ఉండేది. రెండో తరానికి రిమ్‌ను అర అంగుళం పెంచారు కానీ టైరును 215 దగ్గరే ఉంచారు. అంటే 225/45కు సరిగ్గా ప్రమాణమైన రిమ్ మీ దగ్గర ఇప్పటికే ఉంది. పైసా అదనంగా పెట్టకుండా ఈ కారుకు దొరికే పెద్ద లాభం ఇదే. విచిత్రంగా, దీని గురించి ఎవరూ మాట్లాడరు, చక్రాల బొమ్మలు చూపిస్తూ కూర్చుంటారు.

రిమ్ ఇరుకైతే ఏమవుతుందో కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. 7.5 రిమ్ మీద 245 ఎక్కించారనుకోండి. హద్దు 8 అంగుళాలతో మొదలవుతుంది కాబట్టి అది ఎలాగూ కూడదు. కానీ కూడకపోవడం వెనుక ఉన్న సంగతి తెలియాలి. నిండిన బస్తా మూతిని బిగించి కట్టినట్టు, టైరు అంచులు రెండూ దగ్గరికి లాగబడి సైడ్‌వాల్స్ రిమ్ అంచును దాటి బయటకు ఉబ్బుతాయి, ట్రెడ్ మధ్యలో గుండ్రంగా లేస్తుంది. మలుపులో బరువు పడినప్పుడు ఆ ఉబ్బిన సైడ్‌వాల్ ముందు పక్కకు ఒరుగుతుంది, ఆ తర్వాతే ట్రెడ్ పని మొదలుపెడుతుంది. స్టీరింగ్ తిప్పాక కారు స్పందించడానికి ఒక క్షణం పడుతున్నట్టు అనిపించేది అందుకే. ట్రెడ్ భుజాలు, అంటే రెండు పక్కల అంచులు, నేలను సరిగా పట్టవు, మధ్యభాగం త్వరగా అరుగుతుంది. ఇరుకు రిమ్ మీద 245 కన్నా సరైన రిమ్ మీద 225 కారును మలుపులో చక్కగా నిలబెడుతుంది. దానికి విరుద్ధంగా రిమ్ మరీ వెడల్పై టైరు చిన్నదైతే సైడ్‌వాల్ లోపలికి వాలి, రిమ్ అంచు బయటపడుతుంది. గుంతలో పడితే నేరుగా రిమ్‌కే దెబ్బ. చూపుకోసం అలా సాగదీసి వేసేవాళ్లున్నారు. ట్రాక్ మీదికి వెళ్లే కారుకు అది చేయకూడని పని. నా మట్టుకు నేను పాటించే పద్ధతి: ప్రమాణ రిమ్, లేదా దానికన్నా అర అంగుళం ఎక్కువ. 245ను 9 అంగుళాల మీద వేయమన్నది ఈ లెక్కతోనే. సైడ్‌వాల్ కాస్త నిటారుగా నిలబడి స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది.

మరి వెడల్పు పెంచితే పట్టు ఎందుకు పెరుగుతుంది? నేలను తాకే మేర పెరుగుతుంది కాబట్టి అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మీ కారు మనిషితో కలిపి సుమారు 1350 కిలోలు. ఒక్కో టైరు మీద దాదాపు 340 కిలోలు. గాలి 32 పీఎస్ఐ ఉంటే ఆ బరువును మోయడానికి 150 చదరపు సెంటీమీటర్ల మేర చాలు. 215 వేసినా 245 వేసినా గాలి అంతే ఉంటే ఈ మేర పెద్దగా మారదు. మారేది ఆకారం. సన్న టైరు కింద ఆ మేర పొడవుగా ఉంటుంది, వెడల్పు టైరు కింద అడ్డంగా పరచుకుని పొట్టిగా ఉంటుంది. నిజమైన లాభాలు వేరే చోట ఉన్నాయి. మొదటిది వేడి. వెడల్పు టైరులో రబ్బరు ఎక్కువ, కాబట్టి ఇరవై నిమిషాల ట్రాక్ సెషన్‌లో చివరి ల్యాపుల్లో కూడా అది మరీ వేడెక్కి జారదు. రెండోది మోయగల బరువు. 215/45 ఆర్17 మీద 87 అని లోడ్ ఇండెక్స్ ఉంటుంది, అంటే 545 కిలోలు. 245/40 ఆర్17కి మామూలుగా 91, అంటే 615 కిలోలు. మలుపులో బయటి పక్క టైరు మీద బరువంతా వచ్చి పడుతుంది. రబ్బరుకు ఒక స్వభావం ఉంది, మీద పడే బరువు రెట్టింపైతే అది ఇచ్చే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. పెద్ద టైరు తన శక్తిలో తక్కువ వంతే వాడుకుంటుంది కాబట్టి ఆ నష్టం తగ్గుతుంది, గాలి కూడా రెండు మూడు పీఎస్ఐ తగ్గించి నడిపే వెసులుబాటు ఉంటుంది.

ఇవన్నీ నిజమే. కానీ వీటన్నిటికన్నా పెద్ద తేడా రబ్బరు రకంలో ఉంది. బేస్ మోడల్‌తో వచ్చేది మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ. మొదటి తరంలోనూ అదే. ప్రియస్‌కు కూడా అదే టైరు ఇచ్చేవారు. మొదటి 86 చీఫ్ ఇంజినీరు తెత్సుయా తాదా కావాలనే పట్టు తక్కువ టైరు ఎంచుకున్నారు. మామూలు మనిషి మామూలు వేగంలోనే కారు తోక కదలడాన్ని అనుభవించాలన్నది ఆయన ఉద్దేశం. నాకు అది చాలా గొప్ప ఆలోచన అనిపిస్తుంది. స్పోర్ట్స్ కారంటే మలుపులో మీతో మాట్లాడే కారు. 228 హార్స్‌పవర్, 250 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న ఈ కారుకు 265 వేస్తే మీరు మామూలు రోడ్డు మీద ఎప్పటికీ చేరని వేగంలో తప్ప అది ఏమీ చెప్పదు. చెప్పే సమయానికి చాలా ఆలస్యమైపోయి ఉంటుంది. లోటస్ ఎలీస్ రెండో సిరీస్‌కు ముందు టైరు 175/55 ఆర్16 మాత్రమే. ఆ కారు స్టీరింగును మెచ్చుకోని డ్రైవరు లేడు. తేలిక కారుకు వెడల్పు ఒక్కటే గొప్ప కాదు.

కాబట్టి వరుస ఇది. ప్రైమసీ తీసేసి 225/45 ఆర్17లో పైలట్ స్పోర్ట్ 4ఎస్ లాంటి మంచి వేసవి టైరు వేస్తే మొదటి మలుపులోనే తేడా చేతికి తెలుస్తుంది. ఆ తేడాలో వెడల్పు వంతు కొంచెమే, రబ్బరు వంతు ఎక్కువ. ఇంకో మెట్టు పైకి వెళ్తే 200 ట్రెడ్‌వేర్ టైర్లు (ట్రెడ్‌వేర్ అంటే అరుగుదల సూచిక, సంఖ్య తక్కువైతే త్వరగా అరిగే మెత్తని రబ్బరు), బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్, యోకొహామా అద్వాన్ ఏ052 వంటివి. ఇవి ట్రాక్ మీద అద్భుతం. రోజూ ఆఫీసుకు వాడితే త్వరగా అరిగిపోతాయి. ఒకే సైజు రాసి ఉన్నా కంపెనీని బట్టి ట్రెడ్ వెడల్పు మారుతుందని కూడా గుర్తుంచుకోండి. ఏ052 తన సైజుకు వెడల్పుగా కూర్చుంటుందని వాడినవాళ్లందరికీ తెలుసు. అందుకే కొనేముందు ఆ టైరు వివరాల పట్టికలో సెక్షన్ వెడల్పు, ట్రెడ్ వెడల్పు, ఏ రిమ్ మీద కొలిచారు అన్న మూడూ చూడండి. ఒక కంపెనీ 245కూ ఇంకో కంపెనీ 245కూ మధ్య ఫెండరుకు తగలడం, తగలకపోవడం అంత తేడా ఉండవచ్చు.

ఇక చోటు సంగతి. చక్రం ఎటు ఎంత జరుగుతుందో కాగితం మీద రెండు నిమిషాల్లో తెలుస్తుంది. రిమ్ వెడల్పును 25.4తో గుణించి సగం చేయండి. అందులోంచి ఆఫ్‌సెట్ (చక్రం హబ్‌కు బిగిసే ముఖం రిమ్ మధ్యగీత నుంచి ఎన్ని మిల్లీమీటర్లు బయటికి ఉందన్న కొలత) తీసేస్తే బయటి వైపు, కలిపితే లోపలి వైపు. మీ చక్రం 17×7.5, ఆఫ్‌సెట్ +48. ఆ సంఖ్య చక్రం వెనుక అచ్చు పోసి ఉంటుంది, ఒకసారి విప్పి చూసుకోండి. సగం 95 మిల్లీమీటర్లు. బయటికి 47, లోపలికి 143. ఇప్పుడు 17×9, +42 తీసుకుందాం. సగం 114. బయటికి 72, లోపలికి 156. అంటే చక్రం అంచు బయటికి 25, లోపలికి 13 మిల్లీమీటర్లు జరిగింది. అదే మీ స్నేహితుడు చెప్పిన 18×9.5ను +40తో లెక్కవేస్తే బయటికి 33, లోపలికి 17.

ఈ 13, 17 ఎందుకు ముఖ్యమంటే జీఆర్86 ముందు సస్పెన్షన్ మెక్‌ఫెర్సన్ స్ట్రట్, అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే ఒకే నిలువు కంబం. టైరు లోపలి భుజానికి ఎదురుగా స్ట్రట్ నిలువుగా నిలబడి ఉంటుంది. కారును జాకీ మీద ఎత్తి, చక్రం విప్పకుండానే టైరుకూ స్ట్రట్‌కూ మధ్య వేళ్లు పెట్టి చూడండి, తర్వాత స్కేలుతో కొలవండి. స్ప్రింగు కూర్చునే పళ్లెం అంచు దగ్గర కూడా కొలవండి, ఎత్తు పెరిగిన టైరుకు అదే ముందు తగులుతుంది. కనీసం 5 మిల్లీమీటర్లు మిగలాలని నేను పట్టుబడతాను, ఎందుకంటే మలుపులో టైరు, రిమ్, బుష్‌లు అన్నీ కొంచెం వంగుతాయి. బయటి వైపు ఫెండరు అంచు నుంచి దారానికి బరువు కట్టి వేలాడదీసి, టైరు ఉబ్బు దాకా కొలవండి. ఆపైన స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి లోపలి ప్లాస్టిక్ లైనర్‌ను చూడండి. వెనుక డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పైనా కిందా రెండు చేతులతో పట్టే సస్పెన్షన్) కాబట్టి లోపల చోటు కాస్త నయం, ఫెండరు అంచునే గమనించాలి. బోల్టుల అమరిక 5×100 (100 మిల్లీమీటర్ల వృత్తం మీద ఐదు బోల్టులు), హబ్ రంధ్రం 56.1 మిల్లీమీటర్లు. ఇప్పటి సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ చక్రాలు 5×114.3 కాబట్టి, జీఆర్86ను తయారుచేసేదీ సుబారే కదా అని వాటిని కొనేయకండి.

18 అంగుళాలు ఎందుకు వద్దన్నానో కూడా చెప్పాలి. 17 చక్రం మీ బ్రేకులకు సరిపోతుంది, టైరు తక్కువ ధరకు వస్తుంది, బరువు తక్కువ. 18×9.5 మీద 265 వేస్తే ఒక్కో మూలన రెండు మూడు కిలోలు పెరగడం మామూలే. అదంతా స్ప్రింగు కింద ఉండే బరువు, గతుకు గతుకుకూ సస్పెన్షన్ దాన్ని ఎత్తి దించాలి. ఎత్తు లెక్క కూడా ఉంది. మీ 215/45 ఆర్17 మొత్తం వ్యాసం 625 మిల్లీమీటర్లు. 245/40 ఆర్17 అయితే 628, దాదాపు అంతే. 225/45 ఆర్17 634, అంటే ఒకటిన్నర శాతం లోపు తేడా. స్పీడోమీటరు, గేర్లు పెద్దగా మారవు. 265/35 ఆర్18 మాత్రం 643, దాదాపు 3 శాతం ఎక్కువ. ప్రతి గేరూ అంతమేర బద్ధకిస్తుంది. బరువు పెంచి, గేరు పొడిగించి, ఆ తర్వాత కారు చురుకుదనం తగ్గిందని బాధపడేవాళ్లను చూస్తూనే ఉన్నాను.

క్యాంబర్ (చక్రం నిలువు నుంచి ఎంత వాలి ఉందన్న కొలత) లేకుండా వెడల్పుకు అర్థం లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ముందు చక్రాలు దాదాపు నిటారుగా ఉంటాయి. మెక్‌ఫెర్సన్ స్ట్రట్‌లో కారు ఒరిగినప్పుడు చక్రం తనంత తాను సరిదిద్దుకునేది తక్కువ. అప్పుడు 245 మిల్లీమీటర్ల టైరు బయటి మూడో వంతు మీదే నిలబడుతుంది, మిగతా రబ్బరంతా గాలిలో ఉన్నట్టే. ఆ స్థితిలో రెండు ట్రాక్ రోజులకే బయటి భుజం నున్నగా అయిపోవడం సాధారణం. స్ట్రట్ కింది బోల్టుల స్థానంలో సన్న క్యాంబర్ బోల్టులు వేయిస్తే చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. రోడ్డుకు −1.5 డిగ్రీ, ట్రాక్ ఎక్కువైతే −2.5 దాకా పెట్టుకోవచ్చు. ఈ ఖర్చు చక్రాల ఖర్చులో చిన్న వంతు, ఇచ్చే ఫలితం మాత్రం ఎక్కువ. 225తో కూడా ఇది చేయించండి.

ఎంత క్యాంబర్, ఎంత గాలి సరిపోయిందో టైరే చెబుతుంది. ట్రాక్ సెషన్‌కు ముందు సుద్దముక్కతో ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదికి అడ్డంగా గీతలు గీయండి, ఒక్కో టైరుకు మూడు చోట్ల. నాలుగైదు గట్టి ల్యాపుల తర్వాత చూడండి. గీత ట్రెడ్ అంచు దాకా చెరిగి అక్కడ ఆగితే బాగుంది. సైడ్‌వాల్ మీదికి వేలెడు దాకా చెరిగిపోతే టైరు ఒరిగిపోతోంది, గాలి చాలలేదు లేదా క్యాంబర్ చాలలేదు. అంచు దాకా రాకుండా గీత మిగిలిపోతే గాలి ఎక్కువైంది. చాలా టైర్ల భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, అరుగుదల దాని మొన దగ్గర ఆగాలి. సూది గుచ్చే థర్మామీటరు దొరికితే లోపలి, మధ్య, బయటి భాగాల వేడి చూడండి. లోపల కాస్త ఎక్కువగా ఉండి, మొత్తం తేడా 10 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే ఆ టైరు వెడల్పంతా పనిచేస్తున్నట్టు. 225 మీద మీకు ఈ లెక్క కుదిరి, అయినా చివరి ల్యాపుల్లో టైరు వేడెక్కి జారుతోందంటే, అప్పుడు 245కు వెళ్లండి. అది సరైన కారణం.

టెక్సస్ వానల గురించి ఒక మాట. వసంతంలో అక్కడ కురిసే వాన రహదారి మీద నిలిచిపోతుంది. టైరు వెడల్పయ్యేకొద్దీ పక్కకు నెట్టవలసిన నీళ్లు ఎక్కువ, కాబట్టి నీటి మీద తేలడం తక్కువ వేగంలోనే మొదలవుతుంది. సగం అరిగిన 200 ట్రెడ్‌వేర్ 245తో 35వ నంబరు హైవే మీద జడివానలో ఆఫీసు నుంచి ఇంటికి రావడాన్ని నేను ఎవరికీ సలహా ఇవ్వను. రెండు సెట్లు పెట్టుకోమనడానికి ముఖ్య కారణం ఇదే. పైగా వేసవి టైర్లు ఏవైనా 7 డిగ్రీల సెల్సియస్ కన్నా చలిలో గట్టిపడి పట్టు కోల్పోతాయి. డాలస్‌లో జనవరి ఉదయాలు అంతకన్నా చల్లగా ఉండడం మీకు తెలిసిందే. ఆ రోజుల్లో నెమ్మదిగా నడపండి. ఉన్న ప్రైమసీలు కూడా వేసవి టైర్లే కాబట్టి వాటితో ఈ ఇబ్బంది తీరదు.

వెనుక మాత్రం వెడల్పు పెంచాలా అని కూడా అడిగారు. వద్దు, నాలుగూ ఒకటే ఉంచండి. హోండా ఎస్2000కు ముందు 205, వెనుక 225 ఇచ్చారు, 2004 నుంచి ముందు 215, వెనుక 245 చేశారు. పరిమితి దగ్గర తోక తేలిగ్గా జారే కారును కుదుట పరచడానికి అలా చేస్తారు. మీ కారు ముందు వెనుకల సమతూకం ఒకే సైజు టైర్లతోనే కుదిర్చారు. వెనుక ఒక్కటే పెంచితే మలుపులో ముందు చక్రాలు బయటికి జారడం మొదలవుతుంది. టైర్లను ముందుకూ వెనక్కూ మార్చుకునే వీలు కూడా పోతుంది. ఇక ఆటోక్రాస్ (ఖాళీ మైదానంలో కోన్‌ల మధ్య గడియారంతో పోటీ) ఆలోచన ఉంటే, దాన్ని నడిపే అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్ ఎస్‌సీసీఏ స్ట్రీట్ తరగతుల్లో రిమ్ వెడల్పు ఫ్యాక్టరీ ఇచ్చినదే ఉండాలి, టైరు కనీసం 200 ట్రెడ్‌వేర్ ఉండాలి. అక్కడ కూడా మీ 7.5 రిమ్ మీద 225 చక్కగా సరిపోతుంది. ఆ ఏడాది నియమావళి మాత్రం ఒకసారి సరిచూసుకోండి.

పట్టు పెంచేముందు ఇంజిన్ ఆయిల్ సంగతి కూడా చూసుకోవాలి. ఈ 2.4 లీటర్ల ఇంజిన్‌లో సుదీర్ఘమైన కుడి మలుపుల్లో ఆయిల్ ఒత్తిడి పడిపోవడాన్ని చాలామంది గేజీలు పెట్టి నమోదు చేశారు. టైరు పట్టు పెరిగేకొద్దీ ఆయిల్ పక్కకు జరిగే బలమూ పెరుగుతుంది. ట్రాక్‌కు వెళ్లిన ప్రతిసారీ ఆయిల్ పై గీత దాకా ఉందో లేదో చూసుకోండి. మెత్తని టైర్లకు మారిన తర్వాత ఒత్తిడి గేజీ పెట్టించుకోండి.

కొత్త టైర్లు వేయించిన రోజున తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఉన్న గాలితోనే మొదలుపెట్టండి, ట్రాక్‌లో వేడెక్కాక సుద్ద గీతలు చూసి సవరించండి. చక్రాల నట్లను టార్క్ రెంచితో మాన్యువల్‌లో ఉన్న కొలతకు బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ సరిచూడండి. రెండో సెట్టు కొనే దశకు వచ్చినప్పుడు ముందు స్ట్రట్ దగ్గరా, ఫెండరు అంచు దగ్గరా మీరు తీసుకున్న కొలతలు, కారు ఎత్తు తగ్గించారా లేదా అన్నది, ఎంచుకున్న టైరు సెక్షన్ వెడల్పు ఇక్కడ రాయండి. ఆఫ్‌సెట్ ఎంత తీసుకోవాలో కలిసి లెక్కవేద్దాం.